పద్మిని పెట్రోల్ పంపు కింది లివర్: చాలా ఏళ్లు నడిపాక రాస్తున్న సమీక్ష

ఫియట్ నమూనాతో వచ్చిన పాత కారు ప్రీమియర్ పద్మిని గురించి ఎవరు మాట్లాడినా స్టీరింగ్ పక్కన ఉండే గేరు రాడ్డుతో మొదలుపెడతారు, లేదంటే ముగ్గురు కూర్చునే ముందు సీటుతో. నేను బానెట్ ఎత్తి, ఇంజనుకు అతుక్కుని ఉండే పెట్రోల్ పంపు దగ్గర మొదలుపెడతాను. ఆ పంపు కింది భాగంలో వేలెడంత ఇనుప లివర్ ఒకటి ఉంటుంది. దాన్ని వేలితో ఆడిస్తే ఇంజను తిరక్కుండానే వెనక ట్యాంకులోని పెట్రోల్, దాన్ని గాలితో కలిపి ఇంజనుకు అందించే కార్బ్యురేటర్ దాకా వస్తుంది. 1978లో రిజిస్టరైన నా బండిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన వస్తువు అదే. హన్మకొండ ఎండల్లో ఇంత పాత కారును వేసుకుని ధైర్యంగా ఊళ్లు తిరుగుతున్నానంటే దాని వల్లనే.

ఇంజను సామర్థ్యం, మైలేజీ, కొలతలు అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను.

ముందు రోజువారీ ఉపయోగం చెబుతాను. పాత కారు వారమంతా షెడ్డులో ఉంటే కార్బ్యురేటర్ గిన్నెలోని పెట్రోల్ ఆవిరైపోతుంది. ఆదివారం పొద్దున తాళం తిప్పితే, ఆ ఖాళీ గిన్నె నిండేదాకా సెల్ఫు కొడుతూనే ఉండాలి. బ్యాటరీ నీరసపడేది అక్కడే, స్టార్టర్ మోటారు అరిగేదీ అక్కడే. నేను తాళం ముట్టుకోను. బానెట్ ఎత్తి లివర్ ఆడిస్తాను. మొదట వేలికి బరువుగా తగులుతుంది, లోపల స్ప్రింగు పని చేస్తున్నట్టు తెలుస్తుంది. గిన్నె నిండి, అందులో తేలే ఫ్లోటు పైకి లేచి, నీడిల్ అనే సూది పెట్రోల్ దారి మూయగానే లివర్ ఒక్కసారిగా వదులవుతుంది. ఇక చోక్ లాగి తాళం తిప్పితే రెండో తిప్పుకే అందుకుంటుంది. అద్దంలో చూసినట్టు ఇంజను లోపల ఏం జరుగుతోందో చూపుడు వేలికి తెలిసిపోవడం నాకు ఈ కారులో తప్ప ఇంకెక్కడా దొరకలేదు. మా ఇంట్లో రోజూ వాడే కొత్త కారు చాలా మంచి బండి. కానీ దాని పంపు ట్యాంకు లోపల ఎక్కడో ఉంటుంది, అది బతికుందో లేదో డ్యాష్‌బోర్డు చెబితేనే తెలియాలి.

ఈ లివర్ విలువ నాకు పూర్తిగా తెలిసింది మాత్రం జాకారంలో.

రోహిణి కార్తె. రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. కుటుంబంతో రామప్పకు పోయి, మధ్యాహ్నం తిరిగి వస్తూ ములుగు దాటాక జాకారంలో గట్టమ్మ గుడి దగ్గర ఆపాం. మేడారం దారిలో పోయే బండ్లు అక్కడ ఆగి అమ్మవారికి ఒక కొబ్బరికాయ కొట్టనిదే ముందుకు కదలవు. మేమూ దిగాం. అప్పటిదాకా బండి చక్కగా నడిచింది, వేడి ముల్లు కూడా ఉండాల్సిన చోటే ఉంది. దర్శనం చేసుకుని వచ్చి తాళం తిప్పితే సెల్ఫు గిరగిరా తిరుగుతోంది, ఇంజను మాత్రం అందుకోవడం లేదు.

పాత కార్లు నడిపేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. బండి నడుస్తున్నప్పటి వేడి కంటే ఆపిన తర్వాతి పది నిమిషాల వేడి ఎక్కువ చేటు చేస్తుంది. ఇంజను ఆగగానే ఫ్యాన్ ఆగుతుంది, నీళ్ల పంపు ఆగుతుంది, పెట్రోల్ ప్రవాహమూ ఆగుతుంది. ఇనుప బ్లాకులో పేరుకున్న వేడికి పోయేందుకు దారి లేక చుట్టూ ఉన్నవాటి మీదికి పాకుతుంది. పంపేమో ఆ బ్లాకుకే బిగించి ఉంటుంది. పెట్రోల్‌లోని తేలిక భాగాలు 40 డిగ్రీల లోపే ఆవిరి కావడం మొదలవుతాయి. అందులోనూ వెనక ట్యాంకు నుంచి ముందు పంపు దాకా పెట్రోల్‌ను గుంజి తేవాలి. గుంజే పైపులో ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి ఇంకా తొందరగా మరుగుతుంది. పైపులోనూ పంపులోనూ ఆవిరి నిండితే పంపు ఎంత కొట్టుకున్నా ఆ ఆవిరినే నలుపుతుంది తప్ప పెట్రోల్‌ను లాగలేదు.

ముందు ప్లగ్గు వైరు తీసి చూశాను, నిప్పురవ్వ బాగానే పడుతోంది. కార్బ్యురేటర్ దగ్గర పైపు విప్పితే పొడిగా ఉంది. అంటే పెట్రోల్ రావడం లేదు. మా ఆవిడ సీసాలో మిగిలిన నీళ్లతో తువ్వాలు తడిపి ఇచ్చింది. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మీద చుక్క పడకుండా పంపుకు చుట్టాను. కాసేపాగి లివర్ నొక్కాను. వదులుగా ఉంది, వేలికి ఏమీ తగలడం లేదు. గిన్నె నిండితే రావాల్సిన వదులు, గిన్నె ఎండిపోయి ఉండగా వస్తోంది. లోపల పెట్రోల్‌ను లాగే రబ్బరు పొర, డయాఫ్రమ్, చిరిగిందేమో అనిపించి గుండె జారింది. డిక్కీలో వేరే పంపు లేదు.

ఏటూరునాగారం వైపు నుంచి వచ్చిన ఇసుక లారీ ఒకటి పక్కన ఆగి ఉంది. దాని డ్రైవరు, ఒక పెద్దాయన, కొబ్బరి చిప్ప చేతిలో పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"ఏమైంది సార్, పెట్రోల్ వస్తలేదా?"

"లివర్ వదులుగా ఉందన్నా. తడిగుడ్డ వేసినా లాభం లేదు. డయాఫ్రమ్ పోయిందేమో."

ఆయన చిప్ప పక్కన పెట్టి, వేలు పెట్టి చూశాడు. "పంపు ఖరాబు కాలే. లోపల క్యామ్ లేశి పంపును నొక్కిపట్టింది. టాప్ గేరేశి బండిని జర ముందటికి నూకుర్రి. అప్పుడు నొక్కి సూడు."

టాప్ గేరు వేసి, ఇగ్నిషన్ ఆపేసి నలుగురం కలిసి అడుగు దూరం నూకాం. ఇంజను కొంచెం తిరిగింది. లివర్ నొక్కితే వేలికి స్ప్రింగు బరువు తగిలింది! విప్పిన పైపు కొసను ఖాళీ సీసాలో పెట్టి కొట్టాను. మొదట బుసబుసమని గాలి, తర్వాత నురుగు, ఆ తర్వాత తెగకుండా పెట్రోల్ ధార. పైపు బిగించి, లివర్ మళ్లీ వదులయ్యేదాకా కొట్టి, తాళం తిప్పితే బండి లేచింది. ఆయన కుర్రతనంలో కాజీపేట స్టేషన్ ముందు ఫియట్ టాక్సీ నడిపాడట. ఎండాకాలం రోజుకు ఒక్కసారైనా ఇట్ల నూకేదని చెప్పాడు.

ఆయన చెప్పినదాంట్లో గూఢమేమీ లేదు. ఇంజనులోని క్యామ్‌షాఫ్ట్ మీద ఒక ఎత్తు ఉంటుంది, అది తిరుగుతూ పంపులోని డయాఫ్రమ్‌ను లాగి వదులుతుంది. ఆ ఎత్తు సరిగ్గా పంపు మీదికి వచ్చినప్పుడు ఇంజను ఆగితే డయాఫ్రమ్ అప్పటికే పూర్తిగా లాగి ఉంటుంది. మన లివర్‌కు లాగడానికి ఏమీ మిగలదు. కాబట్టి పంపు బాగుండి కూడా లివర్ వదులుగా ఉందంటే రెండు అర్థాలు: గిన్నె నిండింది, లేదా క్యామ్ అడ్డం వచ్చింది. కార్బ్యురేటర్ దగ్గర పైపు విప్పి చూస్తే ఏదో తేలిపోతుంది. బండితో వచ్చిన పాత పుస్తకం నా దగ్గర ఉంది, దాన్ని చాలాసార్లు తిరగేశాను. ఇంత సూటిగా అర్థమైంది మాత్రం గట్టమ్మ దగ్గర రోడ్డు పక్కన నిలబడి విన్నప్పుడే.

ఆ తర్వాత చాలా కాలం, ఈ లివర్ ఉన్నంతవరకు పద్మిని దారిలో నిలిచిపోదని తెలిసినవాళ్లందరికీ చెబుతూ వచ్చాను. ఇప్పుడూ చెబుతాను, ట్యాంకు నుంచి పంపు దాకా దారి బాగున్నంతవరకు అని కలిపి చెబుతాను. ఎందుకంటే ఒక చలికాలం, పుష్య మాసపు పొద్దున, కాజీపేట ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కుతుంటే బండి దగ్గడం మొదలుపెట్టింది. ఇంజను ఇంకా సరిగా వేడెక్కనే లేదు, ఆవిరి పట్టే ప్రసక్తే లేదు. దిగి లివర్ కొడితే కాసేపు నడిచేది, మళ్లీ చిన్న ఎత్తు వస్తే దగ్గేది. లివర్ ప్రతిసారీ ఆదుకుంటోంది కానీ రోగం పోవడం లేదు.

వరంగల్ ఆటోనగర్‌లో నేను వెళ్లే ఉస్తాద్ పంపు ముట్టుకోలేదు. పంపుకు వచ్చే రబ్బరు పైపు స్థానంలో అర చేయి పొడవు పారదర్శకపు గొట్టం పెట్టి ఇంజను స్టార్ట్ చేశాడు. పెట్రోల్‌తోపాటు బుడగలు వరస కట్టి వస్తున్నాయి.

"గాలి గుంజుతుంది సార్. పెట్రోల్ బయటికి కారితే నీకు కనవడేది. ఇది లోపలికి గుంజే పైపు, కారది."

స్ట్రాకు చిల్లు పడితే గోలీ సోడా నోటికి రాదు, కిందికీ కారదు. అదే ఇదీ. పాత రబ్బరు పైపును నిలువునా కోసి చూపించాడు. పైన నల్లగా నిగనిగలాడుతోంది, లోపలి పొర పెళుసుబారి పగుళ్లు తీసింది. కొన్ని ముక్కలు ఊడి ఫిల్టరులో చేరాయి. 2025 నాటికి మన బంకుల్లో దాదాపు ఎక్కడ పోయించినా 20 శాతం ఎథనాల్ కలిసిన ఇ20 పెట్రోలే వస్తోంది. 1970ల నాటి రబ్బరు దాన్ని తట్టుకునే రకం కాదు. ఎథనాల్ తేమను పీల్చుకుంటుంది, ట్యాంకు అడుగున ఏళ్లుగా పేరుకున్న జిగురునూ తుప్పునూ కదిలిస్తుంది. వేడి సంగతిలోనూ అది తోడు రాదు. ఎథనాల్ విడిగా 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది కానీ పెట్రోల్‌తో కలిసినప్పుడు ఆ మిశ్రమం అంతకంటే తక్కువ వేడికే ఆవిరవుతుంది. ఎథనాల్‌ను తట్టుకునే విటాన్ రకం పైపు సికింద్రాబాద్ రాణీగంజ్ నుంచి తెప్పించి, ట్యాంకు దగ్గర ఒకటి, పంపు దగ్గర ఒకటి మార్పించాను. క్లిప్పులు కూడా కొత్తవే వేయించాను. బ్రిడ్జి మీద దగ్గు ఆ రోజుతో పోయింది.

డయాఫ్రమ్ సంగతి వేరే. కిట్టు దొరుకుతుంది, హైదరాబాద్ పుత్లీబౌలిలో అడిగితే రెండు మూడు రకాలు చూపిస్తారు. రబ్బరు నాణ్యత మాత్రం ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. నేను కొన్న ఒక కిట్టు ఒక్క వానాకాలం కూడా దాటలేదు. డయాఫ్రమ్ చిరిగితే పెట్రోల్ ఇంజను ఆయిల్‌లోకి దిగే ప్రమాదం ఉంది. అందుకే దూరం పోయే ముందు డిప్‌స్టిక్ తీసి ఆయిల్ మట్టం పెరిగిందేమో చూస్తాను, పెట్రోల్ వాసన వస్తే బండి తీయను. పెరిగిన ఆయిల్‌ను చూసి సంతోషించి అలాగే నడిపితే బేరింగులు పోతాయి. ఈ జబ్బుకు లివర్ దగ్గర మందు లేదు. ఇంకోటి, పంపుకూ బ్లాకుకూ మధ్య వేడిని ఆపే మందపాటి దిమ్మ ఉంటుంది. పంపు విప్పినప్పుడు కొందరు దాన్ని పారేసి ఉత్త గాస్కెట్ వేసి బిగిస్తారు. దాంతో వేడి నేరుగా పంపుకెక్కుతుంది, పంపు కొట్టే దూరమూ మారిపోతుంది. మీ బండిలో అది ఉందో లేదో ముందు చూసుకోండి.

ఇక ఎలక్ట్రిక్ పంపు. కరీంనగర్‌లో తెలిసినవాళ్లిద్దరు ట్యాంకు పక్కన ఎలక్ట్రిక్ పంపు పెట్టించుకున్నారు. వాళ్ల బండ్లు మే నెలలోనూ ఆగడం లేదు. కారణం స్పష్టమే. వెనక నుంచి నెడితే పైపులో ఒత్తిడి పెరుగుతుంది, పెట్రోల్ అంత తొందరగా మరగదు. కానీ కార్బ్యురేటర్ బండికి తక్కువ ఒత్తిడి పంపే పెట్టాలి. కొత్త కార్ల పంపు తెచ్చి పెడితే నీడిల్ ఆ ఒత్తిడికి ఆగదు, పెట్రోల్ పొంగి వేడి ఇంజను మీద పడుతుంది. ఇంజను ఆగితే పంపుకు కరెంటు దానంతటదే ఆగే ఏర్పాటు కూడా ఉండాలి, లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు పంపు పోస్తూనే ఉంటుంది. ఇవన్నీ సరిగా చేయించుకుంటే అది మెరుగైన పద్ధతే, కాదనను. నేను పెట్టించుకోలేదు. నా వేలికి తెలిసే ఆ బరువు, ఆ వదులు పోతాయి. వాటికోసమే ఈ బండి ఉంచుకున్నాను.

కాబట్టి నా అభిప్రాయాన్ని నా పరిస్థితితో కలిపి చదవండి. రోజూ ఆఫీసుకు పోవడానికి నాకు వేరే కారుంది. ఆటోనగర్ దగ్గరే, ఉస్తాద్ ఇంకా ఓపికగా చూస్తున్నాడు. ఎండాకాలం పదకొండు లోపు ఇల్లు చేరేట్టు బయలుదేరతాను, జాకారం తర్వాత మధ్యాహ్నం ప్రయాణాలు మానేశాను. పంపు, కిట్టు, అర మీటరు పైపు, సీసాడు నీళ్లు, పాత తువ్వాలు, చిన్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఎప్పుడూ డిక్కీలో ఉంటాయి. ఇవన్నీ కుదిరినవాళ్లకు మెకానికల్ పంపుతోనే పద్మిని ఉంచుకోమని మనస్ఫూర్తిగా చెబుతాను. రామగుండం, కొత్తగూడెం లాంటి 45 డిగ్రీల ఊళ్లలో ఉంటూ, ఒక్కటే కారు పెట్టుకుని, వేళకు చేరాల్సిన పని ఉన్నవాళ్లకు చెప్పలేను. వాళ్లు ఎలక్ట్రిక్ పంపు పెట్టించుకుంటే నేను తప్పుపట్టను.

ఖర్చు లెక్క కూడా మారుతోంది. 20 ఏళ్లు దాటిన కార్ల రిజిస్ట్రేషన్ రెన్యూవల్ ఫీజు 2025 ఆగస్టులో 5 వేల నుంచి 10 వేలకు పెరిగింది. 2028లో నా బండికి 50 ఏళ్లు నిండుతాయి, అప్పుడు 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు అర్హత వస్తుంది. నంబరు ప్లేటులో వీఏ అక్షరాలు చేరతాయి. ప్రదర్శనలకూ ర్యాలీలకూ మరమ్మతులకూ పెట్రోల్ పోయించడానికీ తప్ప మామూలుగా రోడ్డు మీద తిప్పడానికి వీలుండదు. గౌరవంగా దాచుకోవాలనుకునేవాళ్లకు అది మంచి దారి. నాకు రామప్ప దాకా పోయి రావాలని ఉంటుంది కాబట్టి ఫిట్‌నెస్ ఇస్తున్నంతకాలం మామూలు రిజిస్ట్రేషన్‌తోనే ఉండాలనుకుంటున్నాను.

కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు పెయింటు, సీట్లు తర్వాత చూడండి. అమ్మేవాళ్లను అడిగి కార్బ్యురేటర్ దగ్గర పైపు విప్పించి, ఆ లివర్ మీరే నొక్కి చూడండి. వేలికి బరువు తగిలి, ప్రతి నొక్కుకూ పెట్రోల్ ఎగిరి పడితే ట్యాంకు నుంచి అక్కడి దాకా దారి బాగున్నట్టే. తగలకపోతే టాప్ గేరు వేసి ఒక అడుగు నూకి మళ్లీ నొక్కండి, అప్పటికీ తగలకపోతే ధర తగ్గించి అడగండి.