ఉజ్వల గ్యాస్: కనెక్షన్ భేష్, రీఫిల్ దగ్గరే చిక్కు

2016 మే 1న ఉత్తరప్రదేశ్‌లోని బలియాలో మొదలైన ఉజ్వల పథకంలో కనెక్షన్ ఇంటావిడ పేరునే ఇస్తారు, డిపాజిట్ కట్టక్కర్లేదు. 2021 నాటి రెండో విడతలో స్టవ్వు, మొదటి బండ కూడా ఉచితం. వలస కూలీలు చిరునామాకు సొంత ధ్రువీకరణ రాసిస్తే చాలు. ఇది నిజంగా గొప్ప వెసులుబాటు.

చిక్కంతా రీఫిల్ దగ్గరే. 2023 అక్టోబరులో రాయితీని 300 రూపాయలు చేశారు గానీ, ముందు పూర్తి ధర కట్టాలి, రాయితీ తర్వాత ఖాతాలో పడుతుంది. రోజుకూలీ మీద బతికే ఇంట్లో అంత డబ్బు ఒక్కసారే ఎక్కడిది? బండ మూలన పడుతుంది. ఆమె మళ్లీ పుల్లల పొయ్యి ముందు కూర్చుని, గొట్టంతో ఊదుతూ, పొగకు కళ్లు తుడుచుకుంటుంది. ఇటు ఊపిరితిత్తులకూ దెబ్బే, అటు చెట్లకూ దెబ్బే. 14.2 కిలోలకు బదులు 5 కిలోల బండ తీసుకునే వీలుంది, దాంతో ఒక్కసారి పెట్టే డబ్బు బాగా తగ్గుతుంది. దరఖాస్తు రోజే అడగండి.

బండ దించగానే తూకం వేయించండి: దానిమీద రాసిన ఖాళీ బరువుకు 14.2 కిలోలు (చిన్న బండైతే 5) కలిపి చూసుకోవాలి. సీలు తీశాక వాల్వు లోపలి రబ్బరు రింగు చూడండి, అది చిరిగితే గ్యాస్ లీకవుతుంది. సబ్బునీళ్లు పూస్తే బుడగలు కనిపిస్తాయి, అగ్గిపుల్లతో మాత్రం పరీక్షించొద్దు.