లెవోడోపా మాత్ర: ఏళ్ల తరబడి వాడాక నా మాట

దేవరకొండలో మాది కిరాణా కొట్టు. ఒళ్లు వణికి, కదలికలు మందగించే పార్కిన్సన్స్ జబ్బు అని తేలిన దగ్గర్నుంచి లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్ర వాడుతున్నాను. వణుకు తగ్గిందా అని అందరూ అడుగుతారు. నేను ఈ మందును వణుకుతో కొలవను. పొట్లం కట్టి దారం తెంపగలిగానా, ఖాతా పుస్తకంలో అక్షరం చీమతలంత అయిపోకుండా రాశానా, గల్లాపెట్టె దగ్గర లేచి బెల్లం డబ్బా దాకా పాదం నేలకు అతుక్కోకుండా పోయానా, అదీ చూసుకుంటాను. ఆ లెక్కన దీనికి సాటి మందు నాకు తగల్లేదు. వణుకు మాత్రం పూర్తిగా పోలేదు.

ఈ జబ్బులో మెదడులో డోపమిన్ అనే, కదలికలను నడిపించే రసాయనాన్ని తయారుచేసే కణాలు చచ్చిపోతుంటాయి. డోపమిన్‌నే మింగితే అది రక్తంలోంచి మెదడులోకి దాటలేదు. లెవోడోపా దాటుతుంది, లోపలికి పోయాక డోపమిన్ అవుతుంది. దారిలోనే మారిపోతే వికారం, వాంతులు. అలా మారకుండా ఆపేదే కార్బిడోపా. మార్కెట్లో దొరికే రకాల్లో 110, 125 అనేవి రెండు. ఈ రెంటిలోనూ లెవోడోపా 100 మిల్లీగ్రాములే. కార్బిడోపా ఒకదాంట్లో 10, ఇంకోదాంట్లో 25. మొదట్లో 110 వేసుకుంటే పొద్దున్నే కడుపులో తిప్పేది. డాక్టర్ 125కి మార్చాక పోయింది. మెడికల్ షాపులో ఒకటి లేదని రెండోది చేతిలో పెడితే డాక్టర్‌ను అడగకుండా తీసుకోకండి. ఇంకో సంగతి, వాంతులకని మెటోక్లోప్రమైడ్ ఇస్తే వద్దనండి. అది మెదడులో డోపమిన్‌కే అడ్డం పడి జబ్బును పెంచుతుంది.

అసలు తంటా తిండితో. మాంసకృత్తులు అరిగాక వచ్చే పదార్థాలూ, లెవోడోపా కూడా పేగులోంచి, ఆ తర్వాత మెదడులోకి పోయేది ఒకే దారిన, అక్కడ రెండూ పోటీ పడతాయి. ఆదివారం మటన్ తిని వెంటనే మాత్ర వేసుకుంటే సాయంత్రం దాకా నేను కొయ్యబొమ్మనే. అందుకే తినడానికి అరగంట ముందు వేసుకుంటాను. పగలు జొన్న రొట్టె, కూరగాయలు. పప్పు, మాంసం రాత్రికి. మా ఇంటామె ముందు గొణిగింది, ఇప్పుడు ఆమే గంట చూసి వడ్డిస్తుంది.

మొదటి ఏళ్లలో ఒక మాత్ర పూట గడిపేది. రక్తంలో దీని బలం గంటన్నరకే సగం అవుతుంది. అప్పట్లో మెదడు కొంత దాచుకునేది, కణాలు తగ్గేకొద్దీ ఆ దాపు పోతుంది. ఇప్పుడు తర్వాతి మాత్ర వేళ దగ్గర పడితే ముందు ఎడమ కాలి బొటనవేలు ముడుచుకుంటుంది, ఆపైన చిల్లర లెక్కపెట్టే చేయి మొండికేస్తుంది. మోతాదు పెంచితే భుజం, మెడ వాటంతట అవే మెలికలు తిరుగుతాయి. గిరాకీ వాళ్లు అది చూసి జబ్బు ముదిరిందనుకుంటారు, నిజానికి అది మందు ఎక్కువైన గుర్తు. మోతాదు పెంచకుండా ఎంటకాపోన్ అనే ఇంకో మందు జోడించాక మాత్ర కొంచెం ఎక్కువసేపు నిలుస్తోంది. దానితో మూత్రం ముదురు నారింజ రంగులో వస్తుంది, కంగారు పడక్కర్లేదు.

వణుకుకని అంతకుముందు ఒక డాక్టర్ రాసిన ట్రైహెక్సిఫెనిడిల్ నాకు పడలేదు. నోరు ఎండిపోయి, పాత బాకీలు ఎవరివో గుర్తుండేవి కావు. ప్రమిపెక్సోల్ అనే ఇంకో పార్కిన్సన్స్ మందుతో కొట్టులోనే కునుకు. కొందరికి దానితో జూదం యావ పట్టుకుంటుందట, డాక్టర్ మా ఇంటామెకు విడిగా చెప్పి పంపాడు.

అచ్చంపేట నుంచి ఒక చుట్టం దూలగొండి గింజల పొడి తెచ్చిచ్చాడు. అందులో నిజంగానే లెవోడోపా ఉంటుంది. కానీ చెంచాకు ఎన్ని మిల్లీగ్రాములో ఎవరు చెప్పాలి? మాత్రకు తోడు అదీ పడితే మళ్లీ మెలికలే, అందుకే డబ్బా మూత తీయలేదు. ఇక మాత్ర ఉన్నట్టుండి మానేస్తే ఒళ్లు బిగుసుకుపోయి, జ్వరం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే పండగలకు షాపులు మూసేముందే రెండు స్ట్రిప్పులు ఎక్కువ తెచ్చి గల్లాపెట్టెలో పెట్టుకుంటాను.