సాదా ఓట్స్, సీరియల్ బార్: ఇంటికి ఏది, ప్రయాణానికి ఏది?

తవుడు పొర, మొలక, లోపలి పిండి భాగం మూడూ మిగిలి ఉన్న గింజనే ముడిధాన్యం అంటాము. ఆ లెక్కన సాదా ఓట్స్‌కూ, వాటితో చేసిన బార్‌కూ మూలం ఒకటే. తేడా వచ్చేదల్లా గింజలను అతికించే పాకం దగ్గరే. బార్‌ను విరిచినప్పుడు వేళ్లకు అంటుకునే జిగురు సాధారణంగా చక్కెర పాకమో, తేనో, గ్లూకోజ్ సిరప్పో అయి ఉంటుంది. ఇలా చేర్చిన చక్కెరల నుంచి వచ్చే శక్తి రోజు మొత్తంలో 10 శాతం లోపే ఉండాలనీ, 5 శాతానికి, అంటే సుమారు 25 గ్రాములకు, తగ్గిస్తే మరింత మేలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. ఒక్కో బార్‌లో 10 గ్రాములున్నా, రెండు తినేసరికి ఆ హద్దు దగ్గరపడుతుంది.

అందుకే ఇంట్లో ఉన్నప్పుడు బార్ అవసరమే లేదని నా దృఢమైన అభిప్రాయం. 100 గ్రాముల ఓట్స్‌లో సుమారు 10 గ్రాముల పీచు ఉంటుంది; అందులోని బీటా గ్లూకాన్ అనే నీటిలో కరిగే పీచు కొలెస్ట్రాల్ తగ్గడానికి తోడ్పడుతుంది. పాలతో ఉడికించి పండు ముక్కలు కలుపుకుంటే, తీపి ఎంతన్నది మన చేతిలోనే ఉంటుంది.

ప్రయాణంలో మాత్రం చెంచా, గిన్నె అక్కర్లేని బార్‌దే పైచేయి. కొనేటప్పుడు పదార్థాల పట్టిక చదవాలి: బరువులో ఎక్కువున్నదే ముందు రాస్తారు కనుక, మొదటి పేరు ముడిధాన్యానిదై ఉండాలి. ‘మల్టీగ్రెయిన్’ అన్న మాట పలు ధాన్యాలున్నాయని మాత్రమే చెబుతుంది, అవి ముడివని కాదు. ముందురోజు కాస్త తీరిక దొరికితే, ఓట్స్‌ను దోరగా వేయించి, బాదం పప్పులతో కలిపి, చెమ్మ తగిలి మెత్తబడకుండా బిగుతు మూత డబ్బాలో తీసుకెళ్లడాన్నే నేను ఎంచుకుంటాను.