మూగబోయిన ఆదివారపు చర్చ మళ్ళీ మాట్లాడుతోంది

విజయనగరంలో గంటస్తంభం నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, ఒక పాత మేడ కింది గదిలో ఉన్న పఠన మందిరానికి నేను ఆరేళ్ళుగా వెళ్తున్నాను. పుస్తకాల విషయంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. నేను రాయదలచినది అక్కడ ఆదివారం సాయంత్రాలు జరిగే చర్చ గురించి.

ఒకప్పుడు గది నిండి, గుమ్మం దగ్గర నిలబడి వినే చర్చ అది. రెండేళ్ళ క్రితం నాటికి ఐదారుగురం మిగిలాం. ఫోన్లు వచ్చాక జనానికి ఆసక్తి పోయిందని అప్పటి నిర్వాహకులు అనేవారు. ఆ మాటను నేను ఒప్పుకోను. ఇంటర్ చదువుతున్న మా మేనకోడలిని ఒకసారి తీసుకువెళ్తే, చివర్లో లేచి, పైడితల్లి అమ్మవారి జాతరలో పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మానుకు, అంటే సిరిమానుకు, కావలసిన చింతచెట్టు ఎక్కడుందో ఎలా తెలుస్తుందని అడిగింది. వేదిక మీది పెద్దమనిషి గడియారం చూసుకుని వందన సమర్పణ మొదలుపెట్టారు. ఆ పిల్ల ఇక రానంది. అడిగిన మాటకు బదులు దొరకని చోటికి ఎవరు మాత్రం రెండోసారి వస్తారు?

పోయిన ఏడాది ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు బాధ్యత తీసుకున్నాక పద్ధతి మారింది. గుమ్మం పక్కన నల్లబల్ల పెట్టారు. ఎవరైనా సుద్దముక్కతో ప్రశ్న రాయవచ్చు. రాసిన రోజు తేదీ పక్కనే వేస్తారు. బదులు దొరికేదాకా చెరపరు. అంతటితో ఆగక, ఆ సంగతి తెలిసినవారి ఇంటికి మాస్టారే సైకిలు మీద వెళ్ళి, "మీరొచ్చి నాలుగు ముక్కలు చెప్పాలి బాబూ" అని పిలుచుకు వస్తారు. మేనకోడలి ప్రశ్నను నేనే బల్ల మీద రాశాను. రెండు వారాలకు ఒక వృద్ధ రైతు వచ్చి, అమ్మవారు పూజారి కలలో కనిపించి మాను జాడ చెబుతుందన్న నమ్మకం దగ్గర మొదలుపెట్టి, తన చిన్ననాట తమ ఊరి నుంచి మానును తరలించిన రోజున ఇంటింటా పసుపునీళ్ళతో ఎదురువెళ్ళిన వైనం దాకా అరగంట చెప్పారు. మేనకోడలు ముందు వరుసలో కూర్చుని నోట్సు రాసుకుంది. ఇప్పుడు తప్పకుండా వస్తోంది.

కొత్తవారు ముందు, పెద్దలు చివర మాట్లాడాలన్న నియమం కూడా మంచిదే. పెద్దాయన తీర్పు చెప్పేశాక పిల్లలకు నోరు పెగలదు కదా. అయితే అన్నిటికన్నా బాగా పనిచేసింది శ్రీకాకుళం ప్రయాణం. కథకులు కాళీపట్నం రామారావు 1997లో నెలకొల్పిన కథానిలయం అనే తెలుగు కథల గ్రంథాలయానికి పన్నెండుమందిమి వెళ్ళి, తలా ఒక పాత కథ చదివి వచ్చాం. ఒకరు చదివింది మరొకరు చదవలేదు కాబట్టి, మరుసటి ఆదివారం ఏనాడూ నోరు విప్పనివారు సైతం తమ కథను తామే చెప్పవలసి వచ్చింది, చెప్పారు కూడా.

లోపాలు లేకపోలేదు. భారమంతా ఒక్క మనిషి మీదే ఉంది. మాస్టారు జ్వరంతో మూడు వారాలు మంచం పట్టినప్పుడు బల్ల మీది ప్రశ్నలు అలాగే ఉండిపోయాయి, వచ్చేవారూ తగ్గారు. మనుషులను పిలుచుకువచ్చే పనిని నలుగురైనా పంచుకోవాలి. ఆరున్నరకు మొదలయ్యే చర్చ ముగిసేసరికి ఎనిమిది దాటుతుంది. నెల్లిమర్ల వైపు నుంచి రాదలచిన ఆడవారికి ఆ వేళ తిరుగు ప్రయాణం కష్టం. ఐదింటికే మొదలుపెట్టకూడదా అని మొన్న ఆదివారం బల్ల మీద రాసి వచ్చాను. పక్కన తేదీ వేశారు.