టొరంటో పాత్: కోటు లేకుండా ఎంత దూరం?

జనవరిలో మైనస్ పదిహేను చలిలో, మోకాళ్ల నొప్పులున్న అమ్మను వెంటబెట్టుకుని టొరంటో చూడగలమా? డౌన్‌టౌన్ వరకైతే చూడొచ్చు, అదీ సోమవారం నుంచి శుక్రవారం దాకా. అక్కడ నేల కింద ‘పాత్’ అనే నడకదారి ఉంది. మొత్తం 30 కిలోమీటర్లకు పైనే. డెబ్బైకి పైగా భవనాలనీ, సబ్‌వే స్టేషన్లనీ కలుపుతుంది. దారి పొడవునా దుకాణాలు.

పియర్సన్ ఎయిర్‌పోర్టు నుంచి డౌన్‌టౌన్‌లోని యూనియన్ రైల్వే స్టేషన్‌కి యూపీ (యూనియన్–పియర్సన్) ఎక్స్‌ప్రెస్ రైలెక్కండి, 25 నిమిషాలు. ట్రాఫిక్ గొడవ లేదు, సూట్‌కేసులకి చోటుంటుంది. మేం ముందు దిగింది రాయల్ యార్క్‌లో. 1929లో తెరిచిన రైల్వే హోటల్ అది, స్టేషన్‌కి ఎదురుగానే. రోడ్డు కింద నుంచి సొరంగం ఉంది కాబట్టి అమ్మ శాలువాతోనే నడిచి వచ్చేసింది. రేటు ఎక్కువే. పెద్దవాళ్లు ఉంటే ఒకటి రెండు రాత్రులకైనా ఆ డబ్బు పెట్టొచ్చు.

తర్వాత కాస్త చవగ్గా ఉందని ఇంకో హోటల్‌కి మారాం. పేరు ఎందుకులెండి. ‘పాత్‌కి కనెక్షన్ ఉంది’ అని వాళ్ల వెబ్‌సైట్‌లో ఉంది, అబద్ధం కాదు. కాకపోతే ఆ కనెక్షన్ పక్కనున్న ఆఫీసు టవర్ బేస్‌మెంట్ గుండా వెళ్తుంది. రాత్రి భోజనం చేసి వస్తే గాజు తలుపుకి తాళం. లోపల లైట్లు వెలుగుతున్నాయి, అవతల మా హోటల్ బోర్డు కనపడుతోంది కూడా. సెక్యూరిటీ అతను మర్యాదగానే, “పైకెక్కి రోడ్డు మీదుగా వెళ్లండమ్మా” అన్నట్టు మెట్లు చూపించాడు. అమ్మ ఒక్కో మెట్టుకీ రెయిలింగ్ పట్టుకుని ఆగుతూ ఎక్కింది. పైన రోడ్డు మీద ఉప్పు చల్లిన మంచు బురద.

దీనికి కారణం ఆ సొరంగాల పుట్టుకలోనే ఉంది. 1900లో ఈటన్స్ అనే పెద్ద దుకాణం తన రెండు భవనాలని కలుపుతూ మొదటి సొరంగం తవ్వుకుంది. తర్వాత ఆకాశహర్మ్యాలు కట్టినవాళ్లంతా ఎవరి ముక్క వాళ్లు తవ్వి పక్కవాడి ముక్కకి కలిపారు. బోర్డులూ మ్యాపులూ సిటీవే అయినా, ఒక్కో ముక్కకీ యజమాని వేరు, తలుపు వేసే టైమూ వేరు. కాళ్ల కింద పాలరాయి పోయి టైల్స్ వచ్చాయంటే యజమాని మారాడని అర్థం. అలా మారేచోట చాలాసార్లు నాలుగు మెట్లు కూడా వస్తాయి. లిఫ్టు ఎక్కడో మూల తిరిగి వెతుక్కోవాలి. వీల్‌చెయిర్‌తో వెళ్లేవాళ్లు మెట్లు లేని దారిని మ్యాపులో ముందే చూసుకోవడం మంచిది.

దారి తప్పడం మాత్రం గ్యారంటీ. కింద జీపీఎస్ సరిగ్గా పనిచేయదు. బోర్డు మీద పాత్ (PATH) అనే నాలుగు ఇంగ్లిష్ అక్షరాలకి నాలుగు రంగులు: ఎరుపు దక్షిణం, నారింజ పడమర, నీలం ఉత్తరం, పసుపు తూర్పు. ఐడియా బాగుంది, కానీ నేల కింద దక్షిణం ఎటో తెలిస్తే మనకేం ఉపయోగం? భవనాల పేర్లు గుర్తుపెట్టుకోండి. దారి అడిగితే అక్కడివాళ్లు చెప్పేది కూడా అలాగే: “బ్రూక్‌ఫీల్డ్ ప్లేస్ దాకా వెళ్లి అక్కడ అడగండి.”

తిండికి లోటు లేదు. ఫుడ్ కోర్టుల్లో శాకాహారులకి ఫలాఫెల్, పప్పూ అన్నం దొరుకుతాయి. పన్నెండుకి మాత్రం వెళ్లకండి. పైనున్న ఆఫీసులన్నీ ఒక్కసారి కిందకి దిగుతాయి, జనం అమీర్‌పేట మెట్రోలో సాయంత్రం ఉన్నట్టుంటారు. పదకొండున్నరకి తినేస్తే టేబుల్ దొరుకుతుంది. సాయంత్రం ఆరు దాటితే చాలా షాపులు మూసేస్తారు.

ఇప్పుడు ఈ దారులు ఇంకా పెరుగుతున్నాయి. యూనియన్ స్టేషన్ రద్దీ తగ్గించడానికి యార్క్ స్ట్రీట్ కింద వెల్లింగ్టన్ స్ట్రీట్ దాకా కొత్త సొరంగం వేశారు, పాతవాటికంటే వెడల్పు. స్టేషన్‌కి ఆనుకుని వచ్చిన ఆఫీసు టవర్ల సముదాయం సీఐబీసీ స్క్వేర్‌లోకే 2020లో బస్ టెర్మినల్ మారింది కాబట్టి రైలు దిగి చుట్టుపక్కల ఊళ్లకెళ్లే ‘గో’ బస్సు ఎక్కడానికి బయటికి రానక్కర్లేదు. సరస్సు వైపు దారి నేల మీదికొచ్చి గాజు వంతెనల మీదుగా సాగుతుంది. అమ్మకి అన్నిటికంటే నచ్చింది ఆ ముక్కే, ఎండ తగులుతుందని.

కిలోమీటర్లు పెరగడం సంతోషమే. ఆఖరి రైలు వెళ్లేదాకా తలుపులు తెరిచి ఉంచాలనే షరతు లేకపోతే మాత్రం ఇవన్నీ ఆఫీసువాళ్ల లంచ్ దారులుగానే మిగులుతాయి. స్టేషన్‌కి కలిపే దారి స్టేషన్ టైమింగ్స్‌లో నడవాలి కదా!

హోటల్ బుక్ చేసేముందు ఫోన్ చేసి రెండే అడగండి: పాత్ తలుపు రాత్రి ఎన్నింటికి మూస్తారు, దారిలో మెట్లున్నాయా అని. శని, ఆదివారాల్లో బ్యాంకులూ ఆఫీసులూ ఉండే ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ కింద అంతా షట్టర్లే. ఆ రోజుల్లో పైన ఈటన్ సెంటర్ మాల్‌కి గానీ, యూనియన్ నుంచి స్కైవాక్ అనే కప్పున్న నడకదారి పట్టుకుని సీఎన్ టవర్‌కి గానీ వెళ్లండి. స్కైవాక్ దిగాక టవర్ దాకా కాస్త బయట నడవాలి, కోటు మర్చిపోకండి.