నెట్ ప్రైస్ కాలిక్యులేటర్: ఇద్దరు పిల్లలు, ఐదేళ్ల వాడకం

అమెరికాలో ప్రభుత్వ ఆర్థిక సహాయం పొందే కాలేజీలన్నీ తమ వెబ్‌సైట్‌లో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ పెట్టాలని 2011 నుంచి నిబంధన. ఆదాయం, ఆస్తుల వివరాలు నింపితే మన జేబులోంచి ఏడాదికి ఎంత పోతుందో అంచనా చెబుతుంది. అమ్మాయికి ఒకసారి, అబ్బాయికి ఒకసారి కలిపి ముప్పైకి పైగా కాలేజీలవి నింపాను.

చివర వచ్చే అంకె కన్నా ముందు అది అడిగే ప్రశ్నలు చూడండి. హార్వర్డ్, ప్రిన్స్‌టన్ జీతం, ఇల్లు, పొదుపు అన్నీ ఆరా తీస్తాయి గాని కాలేజీ ప్రవేశానికి రాసే 1600 మార్కుల శాట్ పరీక్ష స్కోరు ఊసెత్తవు. ఈ రెండూ ఉన్న ఐవీ లీగ్ అనే పేరున్న కాలేజీల జట్టు ఇంటి ఆర్థిక అవసరాన్ని బట్టే డబ్బిస్తుంది. 1600కి 1600 తెచ్చుకున్నా ఫీజులో డాలరు తగ్గదు. రెండు జీతాల ఇల్లు కాబట్టి అక్కడ మాకొచ్చే సహాయం సున్నా. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమైతే సీటుకూ స్కాలర్‌షిప్పుకూ కూడా శాట్ చూడదు.

స్కోరు గడి ఉన్నచోటే మాబోటివాళ్లకు ఆశ. ఒక రాత్రి భోజనాల బల్ల దగ్గర ఒక ప్రైవేటు కాలేజీది నింపుతూ మావాడి 1390 వేశాను. మిగతావేవీ ముట్టుకోకుండా 1400 చేసి చూశాను. ఏడాదికి నాలుగు వేల డాలర్లు తగ్గింది. పది మార్కులకు! 1440 దాకా చలనం లేదు, 1450 దగ్గర మళ్లీ ఒక మెట్టు. పెరుగన్నం కలుపుకుంటున్నవాడు తెర వైపు చూసి, "ఇంకోసారి రాస్తాను నాన్నా" అన్నాడు. నెల రోజులుగా నేను చెబుతున్నదీ అదే. 68 డాలర్లు కట్టి అక్టోబరులో రాస్తే 1430 వచ్చింది. రెండో మెట్టు అందలేదు గాని మొదటిది దక్కింది.

లోపాలు తక్కువేమీ కావు. చాలా కాలిక్యులేటర్లు ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) రుణాన్ని కూడా "సహాయం"లో కలిపేస్తాయి. అప్పు సహాయమెలా అవుతుందో! పైగా మా అమ్మాయిది అప్పట్లో హెచ్-4 వీసా (ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ల కుటుంబానికిచ్చేది), ఆ రుణం తనకు రాదు. ఇక్కడే పుట్టిన తమ్ముడికి ఆ చిక్కు లేదు. ఒక కాలేజీ పాత ఫీజులతోనే లెక్క కట్టింది. తీరా కాలేజీ నుంచి ఉత్తరం వస్తే 3,100 డాలర్లు ఎక్కువ. కొన్ని కాలేజీలు స్కోరుకు డబ్బిస్తూ కూడా కాలిక్యులేటర్‌లో ఆ గడి పెట్టవు, ఫోను చేసి అడగాల్సిందే.

కాలిక్యులేటర్ అసలే చెప్పనిది మరొకటి ఉంది. అమ్మాయికి వచ్చిన స్కాలర్‌షిప్పు ఉత్తరం రెండో పేజీలో, సన్న అక్షరాల్లో: స్కాలర్‌షిప్పు నిలవాలంటే జీపీఏ (4కి లెక్కగట్టే సగటు గ్రేడు) 3.0 తగ్గకూడదు. మొదటి సెమిస్టరులో కెమిస్ట్రీ దెబ్బకు 2.9 వచ్చింది. రెండో సెమిస్టరులో 3.2కి ఎక్కేదాకా ఫోనులో ఎంతసేపు మాట్లాడినా, "అన్నం తిన్నావా అమ్మా" అని తప్ప చదువు మాట ఎత్తలేదు మేము.