ఎక్సెలా, రెస్‌సిమ్మా, ఎస్‌డీడీపీయా: జలవిద్యుత్ ప్లానింగ్‌కు ఏది మేలు?

గుంటూరులో ఎంటెక్ చేస్తున్న మా తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, శ్రీశైలం, సాగర్, పులిచింతల మూడూ కలిపి మోడల్ చేయాలి, ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోమంటావ్?" అన్నాడు. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

ముందు ఎక్సెల్. చూసి నవ్వకండి, నెలవారీ లెక్కకు అది చాలు. మూడు జలాశయాలు, 12 నెలలు, టర్బైన్లకు ఎంత, స్పిల్‌వేకి ఎంత అనుకుంటే 72 అంకెలు తేలాలి, ఎక్సెల్‌తో వచ్చే సాల్వర్ (మంచి జవాబు వెతికిపెట్టే టూల్) 200 వరకూ మోస్తుంది. రోజువారీకి దిగారా, చేతులెత్తేస్తుంది. అసలు చిక్కు మాత్రం హెడ్‌తో, అంటే నీళ్లు టర్బైన్ మీద పడే ఎత్తుతో. ఒక టీఎంసీ నీళ్లు 80 మీటర్ల హెడ్‌లో, 90 శాతం సామర్థ్యంతో దాదాపు 55 లక్షల యూనిట్లు ఇస్తే, అవే నీళ్లు 90 మీటర్ల దగ్గర 62 లక్షలు ఇస్తాయి. అంటే ఈ రోజు వదిలితే రేపటి హెడ్ తగ్గుతుంది, ప్రవాహాన్ని హెడ్‌తో గుణించాలి కాబట్టి లెక్క వంకర తిరుగుతుంది, మీరు మొదట వేసిన అంకెను బట్టి సాల్వర్ జవాబు కూడా మారిపోతుంది.

ఎస్‌డీడీపీ (స్టొకాస్టిక్ డ్యూయల్ డైనమిక్ ప్రోగ్రామింగ్) ఘనమైనది. బ్రెజిల్ పరిశోధకులు పెరీరా, పింటో 1991లో ప్రచురించిన పద్ధతి. వచ్చే వానాకాలం ఎలా ఉంటుందో తెలియకుండానే ఈ రోజు నీటిని వాడాలా దాచాలా అన్నది తేల్చడమే దాని పని. మామూలు డైనమిక్ ప్రోగ్రామింగ్‌లో, అంటే నీటిమట్టాల ప్రతి కలయికకూ విడిగా లెక్క కట్టే పద్ధతిలో, ఒక్కో జలాశయానికి 50 మట్టాలు పెడితే మూడింటికి 1,25,000 స్థితులు, అదే ఐదింటికైతే 31 కోట్లు దాటతాయి! ఎస్‌డీడీపీ అన్నిటినీ తడమకుండా, దాచిన నీటి విలువను ముక్కలు ముక్కలు గీతలతో అంచనా వేస్తుంది. జూలియా అనే ప్రోగ్రామింగ్ భాషలో దీనికి ఎస్‌డీడీపీ.జేఎల్ అనే ప్యాకేజీ ఉంది, ఉచితం. కాకపోతే ఆ హెడ్ వంకరను సాపు చేసి ఇవ్వాలి, పైగా చాలా ఏళ్ల ఇన్‌ఫ్లో (జలాశయంలోకి వచ్చిన నీటి) డేటా కావాలి.

నా ఓటు రెస్‌సిమ్‌కే. అమెరికా ఆర్మీ ఇంజినీర్ల సంస్థ చేసింది, ఉచితం. ఇది "ఉత్తమం" ఏదో వెతకదు, మీరు చెప్పిన నియమాల ప్రకారం గేట్లు నడిపి చూపిస్తుంది, అంతే. కానీ మన కృష్ణలో కరెంటు యజమాని కాదు కదా, డెల్టాకు, తాగునీటికి ఇచ్చాకే దాని మాట. పులిచింతల పవర్‌హౌస్ తిరిగేదే కింద డెల్టాకు నీళ్లు వదిలినప్పుడో, వరదొచ్చినప్పుడో. ఆ షరతులన్నీ రాసేశాక ఎస్‌డీడీపీ లాంటి ఆప్టిమైజర్‌కు (ఉత్తమం వెతికేదానికి) మిగిలే స్వేచ్ఛ కొంచెమే, దానికోసం మొదటి నాలుగు నెలలు జూలియాతో కుస్తీ ఎందుకు?

రెస్‌సిమ్ నడిచాక టైముంటే అప్పుడు ఎస్‌డీడీపీ పట్టుకోమన్నాను. హాస్టల్ వైఫైతో డౌన్‌లోడ్లు అవ్వట్లేదన్నాడు, ఆదివారం బెజవాడ రమ్మన్నా.